వీపు మీద గుండీలు

మొన్న ఆదివారం పొద్దున్నే దివిసీమ నుంచి నా పాత పక్కింటాయన ఫోన్ చేశాడు.

"టీచరుగారూ, మీ ఫోన్లో మా ఆవిడ ఫొటో ఏదన్నా ఉందాండీ? పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలి. ఇంట్లో చూస్తే ఒక్కటీ లేదు."

ఆవిడ పోయిందని తెలిసిన రోజే గుడివాడ నుంచి బస్సెక్కి వెళ్లాను. చూశాను, ఏడ్చాను, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాను. గుండెపోటట. బందరు ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందట. ఆ రోజు ఫొటో సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఉన్నాయండీ, బోలెడున్నాయి. ఇప్పుడే పంపిస్తాను" అని గొప్పగా చెప్పి ఫోన్ పెట్టేశాను. తీరా వెతికితే అరవై పైచిలుకు ఫొటోలు దొరికాయి, అన్నిట్లోనూ చీకటే. ఒకదాంట్లో తెల్లటి మరక ఉంది. అది గాలిలో విచ్చుకుంటున్న వల అని నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఇంకోదాంట్లో ఒక మోచెయ్యి, దాని మీద నీలం చారల సాక్సు. మిగతావన్నీ మంచు, టార్చిలైటు వెలుగు, నా వేలు. చివరికి ఆధార్ కార్డు మీద బొమ్మనే పెద్దది చేసి ఫ్లెక్సీ వేయించారు. అందులో ఆవిడ ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ అలా ఉండేది కాదు. ఎలా ఉండేదో నేను చెప్తాను.

చలికాలం రాత్రి, ఏటి మధ్యలో ఒక పడవ. పడవ ముందు కొస మీద యాభై దాటిన మనిషి నిలబడి ఉంది. పొట్టి మనిషి, బక్కపల్చటి ఒళ్లు, చేతులు మాత్రం ఆ ఒంటివి కావేమో అన్నట్టు దిట్టంగా ఉంటాయి. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టింది. తలకి మఫ్లరు. ఒంటి మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా, అదీ వెనకముందుగా, గుండీలన్నీ వీపు మీదకి వచ్చేలా. మణికట్ల నుంచి మోచేతుల దాకా హైస్కూలు పిల్లల నీలం చారల సాక్సులు, పాదాలు కత్తిరించేసి. పళ్ల మధ్య వల అంచు. నవ్వొచ్చిందా? నాకూ మొదటి రాత్రి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలు నవ్వడానికి తీరిక దొరకలేదు.

నాగాయలంకకి దిగువన, కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు బద్ధకంగా వెడల్పయ్యే చోట, ఏటి ఒడ్డు ఊళ్లో అప్పట్లో నా ఉద్యోగం. లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం గుడివాడలో. శనివారం సాయంత్రం అటు వెళ్లి సోమవారం పొద్దున్నే వచ్చేదాన్ని. మిగతా రోజులు ఒక చిన్న వాటాలో ఒంటరి కాపురం. నా పిట్టగోడకి అవతలే ఆవిడా, ఆవిడ భర్తా. వాళ్లకి ఒక్కడే కొడుకు, ఉయ్యూరులో లారీలు బాగుచేస్తాడు. నేను ఆవిణ్ణి పిన్నిగారనీ, ఆయన్ని బాబాయిగారనీ పిలిచేదాన్ని. ఇద్దరూ నన్ను టీచరమ్మని చేసి అతిగా గౌరవించేవాళ్లు. గౌరవం ఎంతంటే, నాకు ఈత రాదని తెలిసి కూడా నా మొహం మీద నవ్వలేదు.

ఆ ఊళ్లో సముద్రం మీదకి మగవాళ్లే వెళ్తారు. ఏటి మీద మాత్రం మొగుడూ పెళ్లాల పడవలు. మొగుడు ముందు నిలబడి విసురు వల వేస్తాడు, పెళ్లాం వెనక కూర్చుని తెడ్డు వేస్తుంది. వల మగవాడిది, తెడ్డు ఆడదానిది. దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, కానీ ఊరంతటికీ ఖాయం. వరద నీళ్లు వెళ్లిపోయి చలి మొదలయ్యాక, పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎగదన్నుతాయి. ఆ ఉప్పునీళ్ల వెంట పండుగప్ప చేపలు పైకి వస్తాయి. పొద్దుగుంకాక చిన్న చేపల కోసం ఒడ్డు వైపు తిరుగుతాయి. అందుకని అక్కడ చలికాలం అంటే రాత్రి వేటే. మార్గశిరం, పుష్యం రెండు నెలలూ ఊళ్లో ఎవర్ని కదిపినా పండుగప్ప మాటే వస్తుంది.

ఆవిడకి దూరాలన్నీ తెడ్లలోనే తెలుసు. "మీ స్కూలెంతలెండి, నూట యాభై తెడ్లు" అనేది. బస్టాండు నాలుగొందల తెడ్లు. ఒకసారి గుడివాడ ఎంత అని అడిగాను. కళ్లు మూసుకుని కాసేపు లెక్కేసింది. "అబ్బో! అంత దూరం తెడ్డు వేసే మనిషికి మధ్యలో రెండుసార్లు అన్నం పెట్టాలి టీచరమ్మా" అంది. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తున్నప్పుడు కూడా ఆవిడ కుడిచెయ్యి ఊరికే ఉండదు, ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉంటుంది. పైన ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. నవ్వొస్తే ఎడమ చెయ్యి నోటికి అడ్డం వెళ్లేది, కుడిచెయ్యి మాత్రం తెడ్డు వేస్తూనే ఉండేది.

పోటు ముగిసి, నీళ్లు వెనక్కి తీసే పాటు ఇంకా మొదలవకుండా, ఏరు ఎటూ కదలకుండా నిలబడే వేళ ఒకటి ఉంటుంది. దానికి ఆవిడ పెట్టుకున్న మాట, "నీళ్లు ఆలోచనలో పడ్డాయి". పండుగప్ప దొరికితే ఆ కాసేపట్లోనే దొరకాలట.

ఇక ఆయన సంగతి. మంచి మనిషే, కాకపోతే టీకొట్టు దగ్గర ఆగితే కొంచెం ఎక్కువ మాట్లాడతాడు. "వల నా చేతిలోంచి వెళ్లిందంటే చేపకి దారుండదు. అదొక వాటం. అందరికీ రాదు" అంటాడు. నిజంగానే రేవులో అందరికంటే ఎక్కువ పండుగప్పలు ఆయన పడవలోనే దిగేవి. ఊరంతా ఆయన చేతి మహిమే అనుకునేది. ఆయనా అదే అనుకునేవాడు.

ఆ ఏడు మార్గశిరం మొదట్లో రేవు మెట్ల మీద పాచికి జారి ఆయన కుడి భుజం మీద పడ్డాడు. బందరు తీసుకెళ్తే డాక్టరు ఫిల్ము చూసి, "విరగలేదు, నరం పట్టింది. ఆరు వారాలు చెయ్యి భుజం పైకి లేపకూడదు" అన్నాడట. ఆరు వారాలంటే దాదాపు పండుగప్పల కాలమంతా. పోనీ ఎవరినైనా తోడు పెట్టుకోండి అంటే, "నా వల ఇంకో మగాడి చేతికివ్వను" అని ఆయన మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండో రోజు సాయంత్రం ఆవిడ పిట్టగోడ మీదకి ఒంగి, గొంతు తగ్గించి అడిగింది.

"టీచరమ్మా, మీకు రాత్రిళ్లు మెలకువగా ఉండటం అలవాటేనా?"

"పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఉంటాను. ఏం పిన్నిగారూ?"

"మా ఆయన వల నేను వేద్దామనుకుంటున్నా."

చెప్పేశాక ఇక ఆగలేదు. పదకొండేళ్ల వయసులో వాళ్ల నాన్న ఇసుక మీద నిలబెట్టి వల విసరడం నేర్పాడట. "గుండ్రంగా పడేది టీచరమ్మా, బండి చక్రం అచ్చు గుద్దినట్టు. మా నాన్న చూసి ముచ్చటపడేవాడు. పెద్దమనిషినయ్యాక వల లాగేసుకుని తెడ్డు చేతిలో పెట్టాడు. ఇంక అంతే. ముప్పై ఏళ్ల బట్టీ ఈయన వీపు చూస్తా తెడ్డేస్తున్నా. నా చేత్తో వేసిన వల్లో ఒక్క పండుగప్ప పడాలి. ఒక్కటి. ఈ ఆరు వారాల్లో పడితే పడినట్టు. ఆయన భుజం బాగైతే నాకింక ఆ వల అందదు."

కుడిచెయ్యి కదలడం మానేసింది. నేను ఎంత తొందరగా సరేనన్నానో నాకే తెలియదు.

ఆయన్ని ఒప్పించడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ నేను గోడకి ఇవతల నిలబడి విన్నాను. సిగ్గులేకుండా విన్నాను.

"ఆడదానికి వలెట్టా కుదురుద్దే? గాజులు చిక్కుకుంటయ్యి."

"తీసి పక్కన పెడతా."

మంచం కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డట్టున్నాడు.

"ఏందీ? నేను బతికుండగానే గాజులు తీస్తావా? మొగుడు నడవాలో పడుకుని ఉంటే, పెళ్లాం బోడి చేతుల్తో ఏట్లోకి పోద్దా? వద్దు. నా ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు."

ఆ మాటకి ఆవిడా గతుక్కుమంది. మర్నాడు నా దగ్గరికి వచ్చినప్పుడు మొహంలో కళ లేదు. వల కన్నం గాజుకి తగులుకుంటే గాజు పగలడంతో పోదట, విసిరిన ఊపుకి మనిషిని కూడా లాక్కుపోతుందట. చొక్కా గుండీతోనూ అదే ప్రమాదం. అందుకే వల వేసే మగవాళ్లు ఎంత చలిలోనూ గుండీల చొక్కా తొడుక్కోరు. ఆడవాళ్లకి గాజులుంటాయి, పైట ఉంటుంది, మెళ్లో పుస్తెలుంటాయి. అన్నీ చిక్కుకునేవే. అందుకే వల వాళ్లది కాలేదు.

నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క గొప్ప పని ఆ క్షణంలోనే చేశాను. స్కూలు ఆటల పోటీలకి కొన్న సాక్సులు మిగిలిపోయి నా బీరువాలో ఉన్నాయి. పాదాలు కత్తిరించి, ఆవిడ చేతులకి గాజుల పైనుంచి మోచేతుల దాకా తొడిగాను. గాజులు గాజుల్లాగే ఉన్నాయి, పైన ఒక్క చోట తగులుకునేది లేదు. ఆవిడ చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత ఆయన పొడుగు చేతుల చొక్కా తెచ్చి, వెనకముందుగా తొడుక్కుని, సాక్సులు చొక్కా చేతుల మీద మళ్లీ వేసుకుని, నా వైపు వీపు తిప్పింది. "గుండీలు పెట్టండి టీచరమ్మా" అంది. పైటా పుస్తెలూ లోపల అణిగిపోయాయి. ముందు వైపు నున్నగా, ఒక్క గుండీ లేకుండా తయారైంది.

ఆ వేషం చూశాక ఆయన దారికొచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. ఈ సంగతి ఊళ్లో తెలియకూడదు. పడవలన్నీ వెళ్లిపోయాక బయల్దేరాలి. నాటు నూనె రాస్తే నొప్పి తగ్గిందని, తనే మెల్లగా వల వేస్తున్నానని టీకొట్టులో చెప్పుకుంటాడు. ఆవిడ ఎప్పట్లాగే తెడ్డు వేస్తున్నట్టు. నేను టార్చిలైటు పట్టుకుని, పడవలో చేరిన నీళ్లు తోడాలి. ఇదీ ఒప్పందం.

మొదటి రాత్రి గురించి ఎంత చెప్పినా తక్కువే. మంచు దట్టంగా దిగింది. ఊళ్లో కుక్కలు కూడా ముడుచుకుని పడుకున్నాయి. ఆవిడ ముందు కొస మీద నిలబడింది. ఆయన పెళ్లైన దగ్గర్నుంచి మొదటిసారి వెనక కూర్చుని ఎడమ చేత్తో తెడ్డు పట్టుకున్నాడు. రేవు దాటామో లేదో పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. నేను పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని నాకు వచ్చిన ప్రార్థనలన్నీ చెప్పుకున్నాను.

"ఏందే ఇది, సరిగ్గా పోదు?"

"తెడ్డు నీళ్లలో ముంచాలి మావా, గంజి కలిపినట్టు కలపకూడదు."

ఎలాగో ఒక చోట ఆపాడు. ఆవిడ వల అంచు పక్క పళ్లతో పట్టుకుంది. సగం వల మోచేతి మీద, సగం కుడిచేతిలో. విసిరింది. ఉతికిన దుప్పటి ఉండచుట్టి పడేసినట్టు, వల దబ్బున ఒక్కచోట పడింది. మళ్లీ లాగింది, మళ్లీ విసిరింది. పది పన్నెండుసార్లు అలాగే పడింది. నోట్లో వల ఉన్నప్పుడు మాట్లాడటానికి లేదు కాబట్టి, వల పడ్డాక మాత్రమే తిట్టుకునేది. ఆయన వెనక నుంచి పాఠం. "చేత్తో కాదే, నడుంతో తిప్పాలి. నడుం తిప్పు!" చేపలైతే ఒక్కటీ లేదు.

"ఇక్కడే గదే మనం ఎప్పుడూ ఆపేది? నిరుడు ఇక్కడే మూడు పడినయ్యి."

ఆవిడ వల పిండుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఎప్పుడూ ఆపింది నేను మావా. నువ్వు నిలబడ్డావు."

మర్నాడు టీకొట్టు దగ్గర ఆయన చేతి వాటం మాట ఎత్తలేదని మా స్కూలు అటెండరు ఆశ్చర్యపోతూ చెప్పాడు.

ఐదో రాత్రి వల విచ్చుకుంది. ఆవిడ నడుము తిరిగింది, చేతులు వెళ్లిపోయాయి, చీకట్లో ఏదో తెల్లగా తెరుచుకుంది. అంచు చుట్టూ ఉన్న సీసపు గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లని తాకి, ఝల్లుమని చుట్టూరా వాన పడ్డట్టు చప్పుడైంది. నేను ఎగిరి కేక పెట్టాను. "అరవకండి టీచరుగారూ, చేపలు పోతాయి!" అని ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. ఆవిడ నిలబడే ఉంది. తాడు మణికట్టుకి ఉంది, వల నీళ్లలో ఉంది, లాగడం మర్చిపోయింది. ఆ వలలో రెండు జెల్ల చేపలూ, గుప్పెడు రొయ్యలూ వచ్చాయి. వాటిని నాకు ఇచ్చేసింది. నేను తెల్లవారుజామున రెండింటికి పులుసు పెట్టుకుని తిన్నాను. మర్నాడు మొదటి పీరియడ్లో బోర్డు వైపు తిరిగి నిలబడే నిద్రపోయాను.

అక్కణ్ణుంచి ఇద్దరి కష్టాలూ రెండు రకాలు. ఆవిడకి వల రోజురోజుకీ లొంగుతోంది. ఆయనకి తెడ్డు లొంగడం లేదు. ఏటి అడుగున ఎక్కడ గుంట ఉందో, నీళ్లు ఎటు లాగుతున్నాయో ముందు నిలబడ్డ మనిషికి తెలియదట. "తెడ్డు చెప్పుద్ది మావా. బరువెక్కితే పోటు బలం మీదుంది, తేలికైతే తగ్గతంది. విను" అనేది. ఆయన తెడ్డుకి చెవి ఆనించి నిజంగానే విన్నాడు. ఆవిడ పడిపడి నవ్వింది.

వినడం కుదరక ఆయన అడ్డదారి కనిపెట్టాడు. అది క్రిస్మస్ ముందు రోజులు. ఊరి చర్చి మీద పెద్ద కరెంటు నక్షత్రం కట్టారు. మంచులో కూడా ఎర్రగా కనిపించేది. ఒక రాత్రి ఆవిడ తెడ్డు తీసుకుని పడవని మంచి చోట ఆపితే, ఆ చోటి నుంచి నక్షత్రం ఎటు కనిపిస్తుందో ఆయన గుర్తు పెట్టుకున్నాడు. ఇక రోజూ మమ్మల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లేవాడు. పరిగెల్లాంటి చిన్న చేపలు బాగా పడ్డాయి. ఆయన ఛాతీ మళ్లీ కొంచెం పెరిగింది. జనవరి మొదటి వారంలో చర్చివాళ్లు నక్షత్రం దించేశారు. ఆ రాత్రి ఆయన ఏటి మధ్యలో తెడ్డు పైకెత్తి, నాలుగు దిక్కులూ చూసి, "టీచరుగారూ, మీరు చర్చికి వెళ్తారుగా, సంక్రాంతి దాకా ఉంచమని ఒక మాట చెప్పలేకపోయారా?" అని నా మీద కోప్పడ్డాడు. మేం ఆ రాత్రి ఇసుక దిబ్బ ఎక్కి, పోటు వచ్చి లేపేదాకా గంటన్నర వణుకుతూ కూర్చున్నాం.

పండుగప్ప మాత్రం పడలేదు. నాలుగు వారాలు, ఐదు వారాలు. రెండుసార్లు వల మూసుకునేలోపు ఎగిరి దూకింది. తోక నీళ్లని కొట్టిన చప్పుడు విని ఆవిడ ముఖం పట్టుకుని కూర్చుండిపోయింది. ఆయన భుజం రోజురోజుకీ బాగవుతోంది. ఆవిడ ప్రతి పూటా దానికి నూనె రాసేది. రాస్తూ, "ఇంకొంచెం నొప్పుందా మావా?" అని అడిగేది. ఏ జవాబు కావాలని అడుగుతోందో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అడిగినందుకు సిగ్గుపడి ఇంకొంచెం గట్టిగా రాసేది.

ఆరో వారం చివరి రాత్రి వచ్చింది. మర్నాడు పొద్దున్నే బందరులో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేను గుండీలు పెడుతుంటే ఆవిడ వీపు బిగుసుకుపోయి ఉంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ కొస మీద ఆవిడ సగమే కనిపిస్తోంది. చాలాసేపు విసిరింది, గుండ్రంగా, ఒక్కటీ తప్పు లేకుండా. పరిగెలు వచ్చాయి, నాచు వచ్చింది.

అప్పుడు వెనక నుంచి ఆయన గుసగుసగా అన్నాడు.

"నీళ్లు ఆలోచనలో పడ్డయ్యే."

ఆవిడ వల పళ్ల మధ్య పెట్టుకుని చప్పున వెనక్కి తిరిగి చూసింది. ఆయన మమ్మల్ని చూడటం లేదు. తల పక్కకి వంచి, తెడ్డు నీళ్లలో ముంచి, రెండుసార్లు మెల్లగా వేశాడు, మా ఇద్దరికీ తెలియని చోటుకి. ఆపాడు. "వెయ్యి" అన్నాడు.

వేసింది. గుండ్లు ఝల్లుమన్నాయి. అంతలో పడవ ముందుకి ఊగింది, ఆవిడ మణికట్టు మీద తాడు బిగుసుకుంది, ఆవిడ మోకాళ్ల మీద పడింది. నేను టార్చిలైటు వదిలేసి ఆవిడ చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను. రెండు గుండీలు తెగి నా చేతిలోకి వచ్చాయి. నీళ్ల కింద ఏదో దూడలాగా గుంజుతోంది. ఆయన తెడ్డు పడేసి తాడు మీదకి దూకబోయాడు.

"తెడ్డు వదలకు మావా!" అని ఆవిడ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నేను లాగుతా! నువ్వు పడవ పట్టుకో!"

ఆయన చెయ్యి తాడుకి జానెడు దూరంలో ఆగిపోయింది. వెనక్కి వెళ్లి కూర్చుని తెడ్డు అందుకున్నాడు. చేప ఎటు లాగితే పడవని అటు తిప్పాడు. ఆవిడ ఒక్కో బార తాడు లాగింది, రొప్పింది, తిట్టింది, "రా నాయనా, రా" అని బతిమాలింది. చివరికి వల పడవలోకి వచ్చి పడింది. నేను చెక్కల మీద తడుముకుని టార్చి వెతికి వేశాను. వెలుగు పడగానే దాని కళ్లు రెండూ నిప్పుల్లాగా ఎర్రగా మెరిశాయి. వెండి ఒళ్లు. నా చెయ్యి చాపితే వేళ్ల నుంచి భుజం దాకా ఉంది. పడవ అడుగు చెక్కల్ని తోకతో దబదబా బాదుతోంది.

ఆవిడ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఊడిన పన్ను సందు కనిపించేలా, ఏటి మీద అటు ఒడ్డు దాకా వినిపించేలా నవ్వింది. నేను ఏడ్చాను. ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని చేపని కాదు, ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాడు.

తెల్లారేసరికి రేవులో జనం మూగారు. ఆవిడ చొక్కా విప్పేసి, సాక్సులు మడిచి బొడ్లో దోపుకుని, మామూలు మనిషై వల కడుక్కుంటోంది. పక్క పడవ కుర్రవాడు చేపని రెండు చేతులతో ఎత్తి చూసి, "మావయ్యా! భుజం బాగైనట్టేగా! నీ చెయ్యి పడితే పండుగప్పేగా మరి!" అన్నాడు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ చేతులు వల మీద ఆగిపోయాయి.

"ఆఁ" అన్నాడు. తల ఊపాడు కూడా.

ముందుకి ఒక అడుగు వేశాను. ఆవిడ తడి చేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. ఇంటికి వచ్చాక గోడ మీద నుంచి ఆయన్ని కడిగేశాను. "అదేం మనిషండీ మీరు? ఒక్క మాటకి నోరు రాలేదా?" ఆయన తల దించుకున్నాడు. ఆవిడే అడ్డం వచ్చింది. "పోన్లెండి టీచరమ్మా. నాకు పడింది, నాకు తెలుసు. చాలు" అంది. చాలు అన్న మనిషి అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

పది గంటల బస్సుకి బందరు వెళ్లారు. నేను స్కూల్లో ఆ రోజు ఎవర్ని ఎందుకు కొట్టబోయానో నాకే తెలియదు. సాయంత్రం నేను వచ్చేసరికి వాళ్లూ వచ్చేసి ఉన్నారు. డాక్టరు చెయ్యి ఎత్తించి, దించి, ఇక ఏ పనైనా చేసుకోవచ్చన్నాడట. ఆవిడ వల తీసుకెళ్లి ఆయన మేకుకి తగిలించడం నేను కళ్లారా చూశాను. తెడ్డు తీసి తను పట్టుకుంది.

ఆయన ఆ వల దించాడు. అరుగు మీద కూర్చుని, తాడు చివర మణికట్టుకి వేసుకునే ఉచ్చు ముడి పళ్లతో విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి తడిసి బిగిసిన ముడి, ఒక పట్టాన రాలేదు.

"ఇట్టా రా. చెయ్యి పెట్టు."

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన తాడు ఆ మణికట్టు చుట్టూ, గాజుల పైన, తిప్పి చూసుకుని కొత్త ముడి వేశాడు.

"నీ చేతికి పట్టదు గదా మావా."

"పట్టదు" అన్నాడు. ముడి గట్టిగా లాగి చూసుకుని, లేచి తెడ్డు ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. "టీచరుగారూ, రండి, గుండీలు పెట్టండి. పొద్దుండగానే పోదాం."

పొద్దుండగానే! ఆరు వారాల్లో ఒక్కసారి కూడా వెలుగులో ఆ మెట్లు దిగలేదు. రేవులో పడవలన్నీ అక్కడే ఉన్నాయి, మనుషులంతా అక్కడే ఉన్నారు. ఆవిడ వీపు మీద గుండీలతో, చేతులకి చారల సాక్సులతో, భుజాన వలతో ముందు నడుస్తోంది. రెండు మెట్ల వెనక తెడ్డు భుజాన వేసుకుని ఆయన. ఆ వెనక నేను, నీళ్లు తోడే డబ్బాతో. ఒక్కొక్కరే మాట్లాడటం ఆపేశారు. పొద్దుటి కుర్రవాడే ముందు తేరుకున్నాడు.

"అదేంటి మావయ్యా, వల అత్త మోస్తంది? భుజం మళ్లీ పట్టేసిందా?"

ఆయన ఆగాడు. రేవంతా వినేలా చెప్పాడు.

"లేదురా, ఇవాళే బాగైంది. పొద్దున చూశారే, ఆ చేప మీ అత్త వేసిన వల్లో పడింది. ఆరు వారాల బట్టీ వల దానిదే. నేను ఒంటిచేత్తో తెడ్డేశాను. ఇవాళ్టి నుంచి రెండు చేతుల్తో వేస్తా."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. పడవెక్కి ముందు కొసకి వెళ్లి నిలబడి, "పడవ తొయ్యి మావా" అంది. ఆ వెంటనే వల అంచు పళ్ల మధ్య పెట్టుకుంది.